లాలిన్‌కి ఆ పేరెలా వచ్చింది

మా మందుల కంపెనీలో పేర్ల గది అని ఒకటుంది. గది అంటే పెద్దగా ఊహించుకోకండి, మెట్ల కింద మిగిలిన జాగాకి తలుపు బిగించారు. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, నేను. సీసాల మీద అంటించే ప్రతి లేబులూ నా బల్ల మీదుగానే పోవాలి. ఒత్తు తప్పినా, దీర్ఘం తగ్గినా వెనక్కి పంపేస్తాను. ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా అని ప్రెస్సువాళ్లు నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోనీ. మందు దగ్గర ఒక్క అక్షరం తేడా వస్తే ఏమవుతుందో వాళ్లకేం తెలుసు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు.

కంపెనీకి అరవై ఏళ్లు నిండుతున్నాయని మా మేనేజరు ఒక చిన్న పుస్తకం వేయాలనుకున్నాడు. ఆయన్ని మేం చాటుగా తొందరయ్య అంటాం. మేం తయారుచేసిన నలభై ఒక్క రసాయనాలకీ ఆ పేర్లు ఎలా వచ్చాయో అందులో రాయాలి. ఆ పని నా నెత్తిన పడింది.

మొదట విసుక్కున్నాను గానీ దిగాక సరదాగానే ఉంది. నోట్లో పెట్టుకోలేనంత చేదుగా ఉన్న ఒకదానికి, కనిపెట్టినవాడు వాళ్ల అత్తగారి పేరు పెట్టాడట. అసలు సంగతి తెలియక ఆవిడ ఊరంతా చెప్పుకుని మురిసిపోయిందట. ఇంకొకటి ల్యాబులో సీసాలు పగలగొట్టే పిల్లి పేరు. నోరు తిరగని పేరున్న ఒకటి ఏ రోగానికీ పనికిరాలేదు, పేరు గొప్ప ఊరు దిబ్బ. మూడు వారాల్లో నలభై పూర్తిచేశాను. మిగిలింది లాలిన్.

లాలిన్ నిద్రమందు. మాకు పేరు తెచ్చిన మందు అదే. పది చుక్కలు వేసుకుంటే పది నిమిషాల్లో నిద్ర.

"లాలి పాట, లాలిన్. ఇందులో పరిశోధన ఏముంది? రాసి పారెయ్యండి" అన్నాడు తొందరయ్య.

అందరూ అలాగే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను, పాత పేర్ల రిజిస్టరు తెరిచేవరకు. ఆ రిజిస్టరు రాసినాయన్ని ముత్యాల గుమస్తా అనేవాళ్లట. ముత్యాలు పేర్చినట్టు రాత, ఒక్క వివరం పొల్లుపోదు. ప్రతి పేరుకీ ఎదురుగా 'పేరుకు కారణం' అని ఒక గడి ఉంది. అత్తగారి సంగతీ, పిల్లి సంగతీ అన్నీ పూసగుచ్చినట్టు రాశాడు. ఒక్క లాలిన్ గడి మాత్రం ఖాళీ.

ఆ ఖాళీ నన్ను పట్టుకోవడానికి ఇంకో కారణముంది. అది మా ఇంట్లో ఉంది, మంచం మీద.

మా ఆయన నాకు మేనమామ కొడుకు. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా నాకింకా బావే. నా అక్షరాల పిచ్చి చూసి ఆయన నన్ను పంతులమ్మా అంటాడు. ఆయనకి నీళ్ల పంపుల దగ్గర రాత్రి డ్యూటీ. పొద్దున్న ఏడింటికి ఇంటికొచ్చి, స్నానం చేసి, పది చుక్కల లాలిన్ వేసుకుని పడుకుంటాడు. మధ్యాహ్నం రెండింటికి లేస్తాడు. నేను ఒంటిగంటకి భోజనానికి ఇంటికొచ్చి, ఆయన పక్కన కాసేపు కూచుని మళ్లీ ఆఫీసుకి పోతాను.

ఏడాది కిందట, అలా కూచున్నప్పుడే, ఆయన నిద్రలో ఒక మాట అడిగాడు.

"నాలుగైందా?"

మా బావ గొంతు వీధి చివరికి వినపడుతుంది. ఇది ఆ గొంతు కాదు. సన్నగా, కాస్త జలుబు చేసినట్టు, ఏడెనిమిదేళ్ల పిల్ల గొంతులా ఉంది. నాకు నవ్వొచ్చింది.

"ఇంకా కాలేదు, పడుకో" అన్నాను.

ఆయన చిన్నగా నిట్టూర్చి గోడవైపు తిరిగాడు. లేచాక చెబితే నమ్మలేదు. "నేను రెండింటికే లేస్తుంటే నాలుగుతో నాకేం పని పంతులమ్మా" అన్నాడు.

తర్వాత అది మామూలైపోయింది. వారానికి రెండు మూడుసార్లు అడిగేవాడు. నేను వంట చేస్తూనో బట్టలు మడతపెడుతూనో, ఇంకా కాలేదు, పడుకో అనేదాన్ని. సెలవు రోజుల్లో సాయంత్రం కునుకు తీస్తూ ఐదింటికి అడిగినా అదే మాట. నిద్రలో ఉన్నవాడికి టైము చెప్పి ఏం లాభం?

నెల కిందట నిద్ర సాగడం మొదలైంది. రెండింటికి లేచేవాడు మూడింటికి లేచాడు. తర్వాత ఐదింటికి, ఆ తర్వాత ఏడింటికి. ఒకరోజు డ్యూటీ తప్పిపోయింది. పద్దెనిమిదేళ్లలో అదే మొదటిసారి. డాక్టరు నాడి చూసి, ఆకలి రుచెరగదు నిద్ర సుఖమెరగదు, అలిసిపోయాడమ్మా అని నవ్వేశాడు. ఆ రాత్రి బావ డ్యూటీకి వెళ్లాక సీసా మొత్తం తూములో పారబోశాను. మందు ఆగింది. నిద్ర ఆగలేదు. మూడో రోజు పొద్దున్న ఏడున్నరకి పడుకున్నవాడు ఆ రాత్రి లేవలేదు. తెల్లారినా లేవలేదు. కుదిపాను, మొహం మీద నీళ్లు చల్లాను, చెవి దగ్గర గిన్నె మోగించాను. ఊపిరి మాత్రం తీరుగ్గా ఆడుతోంది. డాక్టరు ఈసారి నవ్వలేదు. సాయంత్రం దాకా చూసి ఆసుపత్రిలో చేరుద్దాం అన్నాడు.

ఆయన అక్క, మా వదిన, వచ్చి మంచం పక్కన కూచుంది. ఇంట్లో ఉంటే చేతులు పిసుక్కోవడం తప్ప నేను చేసేదేం లేదు. మందు మా కంపెనీది. దాని పుట్టుక మా రికార్డు రూములో ఉంది. వదినకి చెప్పి ఆఫీసుకి బయల్దేరాను.

గేటు దగ్గర ప్యాకింగ్ అక్క ఎదురైంది. ముప్ఫై ఏళ్లుగా సీసాలకి మూతలు బిగిస్తున్న మనిషి. సంగతి అప్పుడే తెలిసినట్టుంది, నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది.

"లేచాడా?"

"లేవలేదక్కా. రెండో రోజు."

"నిద్రలో ఏమైనా అడుగుతాడా?"

"ఏం అడగాలి?"

"మా అత్తగారు అడిగేది. పసిపిల్ల గొంతుతో. నాలుగైందా అని."

"మీరేమనేవాళ్లు?"

"ఏమంటాం? ఇంకా కాలేదు, పడుకో అత్తయ్యా అనేదాన్ని."

"ఇప్పుడెలా ఉన్నారు?"

అక్క నన్ను వింతగా చూసింది. "పోయింది కదే, రెండేళ్లయింది. నాలుగు రోజులు లేవకుండా పడుకుని అలాగే పోయింది. సునాయాసంగా పోయింది, అదృష్టవంతురాలు అన్నారందరూ."

నాలుగు రోజులు. బావకి అప్పటికి రెండో రోజు.

రికార్డు రూములో ఎవరూ ఉండరు. కలరా ఉండల వాసన, పాత అట్టల వాసన. లాలిన్ తయారుచేసిన పెద్ద కెమిస్టు నోటు పుస్తకం కోసం రెండు గంటలు వెతికాను. దొరికినప్పుడు మోకాళ్ల మీద కూచునే తెరిచాను. ఆయన రాత తొందర రాత, చెట్టుకొమ్మలు గాలికి వంగినట్టు అక్షరాలన్నీ ఒకవైపుకి వాలిపోయి ఉన్నాయి. ఆ ల్యాబులో ఒక ఆనవాయితీ ఉండేది. ఒక పుటలో ఒక మందు తయారీ రాసి, దాని పేరు పుట అడుగున విడిగా రాసేవాళ్లు. గుమస్తా వచ్చి ఆ అడుగు మాటని రిజిస్టర్లోకి ఎక్కించుకునేవాడు. ఆ రోజుల్లో ప్రతి మందు పేరూ 'ఇన్' అనే ముగిసేది.

నేను వెతుకుతున్న పుట ఇలా ఉంది. తెల్లని పలుకులు. నీళ్లలో కరుగుతుంది. రుచి లేదు. రెండున్నరకి పది చుక్కలు ఇచ్చాను. పది నిమిషాలకి నిద్ర పట్టింది. దగ్గు ఆగింది. అడుగున, విడిగా, పేరు.

ఎవరికి ఇచ్చాడు? దగ్గు ఎవరిది? పుట తిప్పాను. తర్వాతి కాగితం లేదు. కుట్టు పక్కన బ్లేడుతో నీటుగా కోసేశారు.

మళ్లీ అడుగు మాట దగ్గరికొచ్చాను. లాలిన్. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాను. ఇరవై ఏళ్లుగా అక్షరాలు దిద్దుతున్న కళ్లు నావి. చివరి న మీద ఉన్నది పొల్లు కాదు. పొల్లు పైకి లేచి ఆగిపోతుంది. ఇది చుట్టు తిరిగి కలిసింది. తొందరలో సగమే కలిసింది, అంతే. అది గుడి.

లాలిన్ కాదు. లాలిని.

అది పేరు కాదు. మాట మధ్యలో ఆగిపోయిన వాక్యం. లాలి అనే పిల్లని ఎవరో ఏదో చేయాలి. ఏం చేయాలో కోసేసిన కాగితంలో ఉంది. ఆ సగం వాక్యాన్ని మేం లేబులు మీద అచ్చువేసి, యాభై ఎనిమిదేళ్లుగా ఇంటింటికీ పంపుతున్నాం. ఆ లేబుళ్లలో ఇరవై ఏళ్లవి నేను దిద్దినవే. ఒక్క తప్పూ లేదని సంతకం కూడా పెట్టాను.

ముత్యాల గుమస్తా ఇంకా బతికే ఉన్నాడని జీతాల విభాగంలో చెప్పారు. ఫ్యాక్టరీ వెనక సందులో, ఇరుకు మెట్లెక్కితే పై గది. నేను వెళ్లేసరికి రెండున్నర దాటింది. ఎనభై రెండేళ్ల మనిషి, కిటికీ పక్కన కుర్చీలో, భూతద్దంతో పేపరు చదువుకుంటున్నాడు.

"ఎవరమ్మా?"

"మందుల కంపెనీ నుంచి తాతగారూ. పేర్ల గది."

"నా గది" అన్నాడు, మొహం వెలిగింది. "తలుపు ఇంకా కిర్రుమంటోందా?"

"మంటోంది. లాలిన్ గురించి అడగడానికొచ్చాను."

భూతద్దం పేపరు మీద బోర్లించాడు. "లాలి పాట నుంచి వచ్చిందని రాసేసుకో అమ్మా. అందరూ అలాగే అనుకుంటారు."

"అది పొల్లు కాదు తాతగారూ. గుడి."

ఆయన కిటికీలోంచి కిందికి చూశాడు. కింద సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. తర్వాత లేచి, మంచం కింద నుంచి ఒక రేకు డబ్బా లాగి నా ముందు పెట్టాడు. తెరవలేదు. మూత మీద చెయ్యి పెట్టుకునే చెప్పాడు.

"పెద్ద కెమిస్టుగారి కూతురు. ఎనిమిదేళ్లు. ఇంట్లో లాలి అని పిలిచేవాళ్లు. వాళ్లమ్మ లేదు, బడి లేని రోజున ల్యాబుకి తీసుకొచ్చేవాడు. ఆ వారం పిల్లకి దగ్గు, నిద్ర లేదు. కొత్త మందు తను ముందు వేసుకు చూసుకున్నాడట, బాగానే ఉందట. ఆ రోజు పిల్లకిచ్చి పక్క గదిలో పడుకోబెట్టాడు. ఎక్కువసేపు పడుకోనివ్వకూడదని ఆయనకి తెలుసు. గంటన్నర దాటితే ఊపిరి మందగిస్తుందని తన మీద చూసుకున్నాడు. మతిమరుపు మనిషి కదా, పుస్తకంలోనే రాసిపెట్టుకున్నాడు. ఇంతలో యజమాని పిలిచాడు, కొత్త మందు చూపించమని. వెళ్లాడు. అక్కడ అందరూ మెచ్చుకుంటుంటే కూచుండిపోయాడు."

"మీరు?"

"మూడింటికి నేను పుస్తకం కోసం వెళ్లాను. రోజూ వెళ్లే టైమే. బల్ల మీద తెరిచి ఉంది. అడుగు మాట చూశాను. నిద్రమందుకి లాలిన్, ఎంత బాగా పెట్టాడో అనుకున్నాను. పుట తిప్పలేదు. పేరు అడుగునే ఉంటుంది కదా, ఎందుకు తిప్పుతాను? పుస్తకం చంకలో పెట్టుకుని నా గదికి పోయాను. ఆయన తిరిగొచ్చి చూసుకుంటే కదా గుర్తొచ్చేది. పుస్తకం నా దగ్గరుంది."

కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాను. తాగలేదు.

"ఐదున్నరకి, కారణం గడిలో ఏం రాయాలా అని పుట తిప్పాను" అంటూ డబ్బా మూత తీశాడు.

కోసేసిన కాగితం పైనే ఉంది. దాని మీద, వాలిపోయిన అక్షరాలతో, ఒక్క ముక్క. లేపాలి. నాలుగింటికి.

"పరిగెత్తాను. అప్పటికే ల్యాబులో ఏడుపులు."

ఆ కాగితం పట్టుకుని నేనూ ఏడ్చాను. సిగ్గుపడలేదు.

"మర్నాడు పేరు దిద్దుతానని ఆయన దగ్గరికి వెళ్లాను. ఉండనీ అన్నాడాయన. రోజుకి నలుగురైనా దాన్ని పిలుస్తారు అన్నాడు. ఆ తర్వాత ఆయన ల్యాబు మొహం చూడలేదు. కాగితం నేనే కోసేశాను. ఎవరైనా చూస్తారని భయం."

"లాలిన్ అన్నా, లాలిని అన్నా అది పిలుపు కాదు తాతగారూ. అది పిల్ల గురించి మాట్లాడుకునే మాట. పిలిస్తే లాలీ అనాలి. దీర్ఘం ఉండాలి. ఇన్నేళ్లలో ఎవరూ పిలవలేదు."

"నాకు తెలియదా అమ్మా" అన్నాడు మెల్లిగా. "అక్షరాలతో బతికినవాణ్ణి."

అప్పుడు బావ సంగతి చెప్పాను. నాలుగైందా అని అడగడం, నేను చెప్పే జవాబు, ప్యాకింగ్ అక్క అత్తగారు. ఆయన డబ్బా అడుగు నుంచి పాత గుడ్డలో చుట్టిన మూట తీసి నా ఒళ్లో పెట్టాడు. చిన్న తోలు చెప్పులు. లోపలి వైపు ఐదు వేళ్ల అచ్చులూ నల్లగా పడి ఉన్నాయి.

"పక్క గది గుమ్మం ముందు ఉన్నాయి, నేను పుస్తకం తీసుకుని వస్తుంటే. లోపల పిల్ల ఉందని వాటిని చూస్తే తెలియదూ? కాలికి అడ్డమొస్తున్నాయని పక్కకి జరిపి వచ్చేశాను." డబ్బా మూత పెట్టి, "నాలుగు కాకముందే వెళ్లు" అన్నాడు.

ఇల్లు చేరేసరికి నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ. వదిన మంచం పక్కనే ఉంది, కళ్లు వాచిపోయి.

"ఇందాక మాట్లాడాడే" అంది ఆశగా. "నాలుగైందా అని అడిగాడు. ఇంకా కాలేదు, పడుకో నాన్నా అన్నాను. మళ్లీ పడుకున్నాడు."

పొద్దుట్నుంచి మెతుకు ముట్టలేదు, కాస్త తినిరా వదినా అని ఆవిణ్ణి ఇంటికి పంపాను. వీధి తలుపు తెరిచి ఉంచాను. చెప్పులు గుమ్మం లోపల, బయటికి వెళ్లే కాళ్లకి అందేలా పెట్టాను. గోడ గడియారం ఎదురుగా కూచుని బావ చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది. ఊపిరి పొద్దుటిలా లేదు. ఒకటి తీసుకున్నాక ఇంకొకటి వస్తుందా రాదా అని నేను లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది.

అప్పుడే చెప్పేయొచ్చు, నాలుగైందని. మనసొప్పలేదు. ఇన్నేళ్లూ ఆ పిల్లతో అందరం అబద్ధమే చెప్పాం. ఇంకొకటి నా నోటితో చెప్పలేను. ఇంకో భయం కూడా ఉంది. పిలిస్తే లేచేది ఎవరు? లేచిన పిల్ల మా బావ ఒంట్లోనే ఉండిపోతే?

నాలుగుకి ఎనిమిది నిమిషాలుందనగా పెదాలు కదిలాయి.

"నాలుగైందా?"

పాత జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటు ఎంత చెడ్డదో అప్పుడు తెలిసింది. దాన్ని మింగేసి, "ఇంకో ఎనిమిది నిమిషాలు తల్లీ. నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

నా వేళ్ల మధ్య ఆయన వేళ్లు బిగుసుకున్నాయి. ఎవరూ ఎన్నడూ అలా చెప్పలేదు కాబోలు.

ఎనిమిది నిమిషాలూ ఆ చెయ్యి వదల్లేదు. గడియారం ముల్లు నిటారుగా నిలబడింది. నాలుగు. అడుగుతుందని చూశాను. అడగలేదు. ఊపిరి ఆగింది. నేను ఆరు లెక్కపెట్టాను, ఏడు, ఎనిమిది.

"లాలీ" అన్నాను. నాకే వినపడలేదు. ఇంకోసారి, పక్క గదిలోకి వినపడేలా పిలిచాను. "లాలీ. నాలుగైంది. లే తల్లీ."

బావ కళ్లు తెరిచాడు.

కళ్లు ఆయనవే. చూపు ఆయనది కాదు. గదంతా కలియజూసి, ఎవరో తెలియనట్టు నన్ను చూశాడు.

"నాన్నేడి?" అంది ఆ సన్నటి గొంతు.

"నాన్న రాసిపెట్టాడు తల్లీ, నిన్ను లేపమని. చూడాల్సినవాళ్లం చూడలేదు."

"చాలాసార్లు అడిగాను. ఎవర్నడిగినా కాలేదు కాలేదు అన్నారు."

"తప్పయింది" అన్నాను.

కాసేపు ఆలోచించింది. పిల్లలు కోపం ఉంచుకోవాలా వద్దా అని ఆలోచిస్తారే, అలా. తర్వాత అడిగింది.

"నా చెప్పులో?"

"గుమ్మం దగ్గరున్నాయి. వీధి తలుపు తీసే ఉంది."

కళ్లు మూతపడ్డాయి. నా చేతిలోంచి వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. నా వీపు వెనక, నేల మీద, ఒట్టి కాళ్ల చప్పుడు వినిపించింది. తేలికగా, గబగబా. గుమ్మం దగ్గర ఆగింది. అక్కడ కాసేపు తచ్చాట, ఎడమదేదో కుడిదేదో తేల్చుకుంటున్నట్టు. తర్వాత తోలు అడుగుల టపటప, మెట్టు దిగి, వీధిలోకి. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూసే ధైర్యం లేదు, చూసే హక్కు కూడా లేదనిపించింది.

వీధిలో అడుగుల చప్పుడు ఆగిపోయాక బావ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. గురక పెట్టాడు. ఆ గురకని పద్దెనిమిదేళ్లుగా తిట్టుకున్నాను, ఆ రోజు మాత్రం చెవులప్పగించి విన్నాను. నాలుగూ పదికి లేచి కూచుని ఒళ్లు విరుచుకున్నాడు.

"ఏంటలా చూస్తున్నావు పంతులమ్మా? ఆఫీసు లేదా? ఆకలి దంచేస్తోంది" అన్నాడు, వీధి చివరికి వినపడేలా.

ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఏమైందో అర్థంకాక వీపు నిమురుతూ కూచున్నాడు పాపం. కాసేపటికి లేచి గుమ్మం దగ్గరికెళ్లాను. చెప్పులు లేవు.

మర్నాటి నుంచి కంపెనీకి ఉత్తరాలు రావడం మొదలైంది. లాలిన్ వేసుకుంటే నిద్ర రావడం లేదని. కొత్త సీసాలే కాదు, ఇళ్లలో సగం వాడిన సీసాలు కూడా. ల్యాబులో మూడుసార్లు పరీక్ష చేశారు. పలుకులు అవే, పాళ్లు అవే, ఎక్కడా తేడా లేదు. తొందరయ్య కాలుగాలిన పిల్లిలా ల్యాబుకీ గోడౌనుకీ మధ్య తిరుగుతున్నాడు. ఆ హడావిడిలోనే లాలిన్ పేరు గురించి పుస్తకంలో తనే ఒక వాక్యం రాసి ప్రెస్సుకి పంపేశాడు. లాలి పాట నుంచి వచ్చిందట. నేను గొడవపడలేదు. నేను దిద్దాల్సింది ఆ పుస్తకం కాదు.

ఆదివారం పేర్ల రిజిస్టరు సంచిలో పెట్టుకుని ముత్యాల గుమస్తా ఇంటికి వెళ్లాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ తలొంచుకుని విన్నాడు. మా ఆయన ఎలా ఉన్నాడని అడుగుతాడనుకున్నాను. పిల్ల ఏమందని మళ్లీ చెప్పమంటాడనుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"చెప్పులు సరిపోయాయా?"

"నేను చూడలేదు తాతగారూ. వేసుకునే వెళ్లింది. పరిగెత్తినట్టే వినిపించింది."

తలూపాడు. ఇంకా ఊపుతూనే ఉన్నాడు. తర్వాత కలం అడిగాడు. రిజిస్టరు తెరిచి ఆయన ఒళ్లో పెట్టాను. భూతద్దం నేను పట్టుకున్నాను. చివరి న మీది పొల్లుని చుట్టు తిప్పి కలిపాడు. అది గుడి అయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఎదురుగా యాభై ఎనిమిదేళ్లుగా ఖాళీగా ఉన్న గడిలో ఒక్క మాట రాశాడు. లేపారు.

అక్షరాలు ముత్యాల్లా లేవు. కోడి గీకినట్టున్నాయి, రా దీర్ఘం గడి దాటి పక్క గీత మీదికి పోయింది. నేను దిద్దలేదు.